బళ్లారి రాఘవ: నాటకమునఁ బాఠ్యము, గానము

ఆంధ్రనాటకమునకు బళ్లారిపుర మొక పుట్టినిల్లు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1886లో నచట సరసవినోదినీసభను నెలకొల్పి, మఱుసటియేఁట చిత్రనళీయమును బ్రదర్శించి, పాత్రల నోటఁ బద్యములతోఁబాటు పాటలను గూడఁ బెట్టిరి. ఆ సమాజమువారు 1891లో మదరాసున నాడిన నాటకములను జూచిన యుత్సాహముతోనే పమ్మల్ సంబంధ మొదలియారు తమిళనాటకమునకై సుగుణవిలాససభను స్థాపించిరి. ఇంతగా వన్నెకెక్కిన గానసంప్రదాయమును గాదన్నవాఁడు ధర్మవరమువారి మేనల్లుఁడే యగుట వింత. ఆతఁడు తాడిపత్రి రాఘవాచార్యులు. లోక మెఱిఁగిన పేరు బళ్లారి రాఘవ.

రాఘవ 1880 ఆగస్టు 2వ తేదిని తాడిపత్రిలో జన్మించెను. నాఁ డాయూరు బళ్లారిమండలములోనిదే. అనంతపురమండలము వేఱుపడినది 1882లో. తండ్రి నరసింహాచార్యులు బళ్లారి ఉన్నతపాఠశాలలోఁ దెలుఁగు పండితులు. కొడుకు మాత్రము బాల్యముననే షేక్స్పియరు నాటకములకు వశుఁడయ్యెను. మదరాసులో న్యాయశాస్త్రమును ముగించి, బళ్లారిలో న్యాయవాదియై, క్రిమినలు వ్యవహారములందుఁ బేరు గడించి, పబ్లిక్ ప్రాసిక్యూటరుగాఁ బనిచేసెను. నాటకము ఆయనకు జీవనోపాధి గాదు. ఈ యంశమును జీవితచరిత్రకారులు తేలికగా దాఁటిపోవుదురు. టిక్కెట్టు కొన్నవాని యభిరుచి కెదురు నిలువఁదలఁచిన నటునకు వేఱొక వృత్తి యెంత యవసరమో నాఁటి నాటకసమాజముల యప్పుల నెఱిఁగినవారికిఁ దెలియును.

ఆ యభిరుచి యెట్టిది? లోహితాస్యుని శవము నెదుటఁ బెట్టుకొని చంద్రమతి కాటిలో విలపించుచుండఁగా సభనుండి "వన్సుమోరు" అను కేక వచ్చెడిది. అంతట శోక మాఁగి, హార్మోనియము మరల శ్రుతి నందుకొని, పద్యము మొదటినుండి సాగెడిది. పాదాంతమున నెంత దీర్ఘముగా రాగము తీయఁగలిగిన నంత గొప్పనటుఁడు. రాఘవ దీని నంగీకరింపలేదు. నాటకమున నభినయమే ప్రధాన మనియు, సంగీతము దానికి లోఁబడి యుండవలె ననియు నాయన పక్షము. మేనమామ సభ యున్న యూరనే యాయన చారిత్రకనాటకకర్తలగు కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమసభలోఁ జేరెను. వారి రామరాజుచరిత్రమునఁ బఠాను రుస్తుము పాత్రము రాఘవకు శాశ్వతకీర్తిని దెచ్చినది. రాజునకుఁ గాక పఠానునకుఁ గీర్తి వచ్చుట గమనింపఁదగినది: అది కంఠమునకు వచ్చిన కీర్తి గాదు, నటనమునకు వచ్చినది.

రాఘవ మార్గము కేవల మింగ్లీషు చదువు ఫలమని త్రోసిపుచ్చుట తగదు. బ్రహ్మ ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామమునుండి గీతమును, యజుస్సునుండి యభినయమును, అథర్వమునుండి రసములను గ్రహించెనని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. పాఠ్యము వేఱు, గీతము వేఱు. పాఠ్యమునకు స్థానములు, కాకువు, అలంకారములు ప్రత్యేకముగా విధింపఁబడినవి. ఈ విషయమున భరతునకు దగ్గఱివాఁడు మేనల్లుఁడే గాని మేనమామ గాఁడు. అయినను రెండవపక్షమును వినకుండుట న్యాయము గాదు. తిరుపతివేంకటకవుల పాండవనాటకపద్యములు బడి మొగ మెఱుఁగని కర్షకుల నాలుకలపై నిలిచినది రాగము చేతనే. మంచి కవిత్వము పుస్తకము లేకయే పల్లె చేరుటకు నాఁడు వేఱు దారి యెక్కడిది? రాఘవ యీ లాభమును దగినంతగా గణించినట్లు తోఁపదు.

స్త్రీపాత్రముల విషయమున నాయన పట్టుదల యింకను గట్టిది. స్థానము నరసింహారావువంటి మహానటుఁడు సత్యభామగా జనులను ముగ్ధులను జేయుచున్న కాలముననే, స్త్రీపాత్రములను స్త్రీలే ధరింపవలెనని రాఘవ వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని, కాకినాడ అన్నపూర్ణ మున్నగువారిని రంగమునకుఁ దెచ్చెను. గౌరవకుటుంబముల స్త్రీలు వేదిక యెక్కిన నపనిందలు తప్పని దినము లవి. పి. వి. రాజమన్నారుగారి "తప్పెవరిది" అను సాంఘికనాటకమున రాఘవతోఁ బద్మావతీదేవి నటించెను. పద్యములేని యిట్టి నాటకములందే యాయన సిద్ధాంతము నిజముగా నెగ్గినది.

1927లో గాంధీమహాత్ముఁడు ఆయన దీనబంధుకబీరును జూచుటయు, తరువాతి ఇంగ్లండు ప్రయాణమును బలువురు వర్ణించియున్నారు. వానివలన నటుని గౌరవము పెరిగినది గాని నటన మెట్టిదో తెలియరాదు.

చలనచిత్రమునకు వచ్చునప్పటికి రాఘవకు ఏఁబదియైదేండ్లు దాఁటినవి. 1936లో ద్రౌపదీకథ రెండు చిత్రములుగాఁ బోటీపడి వెలువడెను. ద్రౌపదీమానసంరక్షణమున దుర్యోధనుఁడు రాఘవ. ద్రౌపదీవస్త్రాపహరణమున యడవల్లి సూర్యనారాయణ. జనులు పద్యగానమునఁ బ్రసిద్ధుఁడైన యడవల్లివారి చిత్రమునకే పట్టము గట్టిరి. రెండు చిత్రముల జయాపజయములకు నటులొక్కరే కారణము గాకపోవచ్చును. కాని పాతవివాదమునకుఁ దెరమీఁదను దీర్పు మాఱలేదు. ఆయనకుఁ దగిన పాత్రము 1939లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన రైతుబిడ్డయందు దొరకెను. కిరీటము లేదు, భుజకీర్తులు లేవు. జమీందారీ పీడనమునకు లోనైన రైతు నర్సిరెడ్డి. నిర్మాణసంస్థయగు సారథి చల్లపల్లి జమీందారుగారిదే యయినను, ఇతర జమీందారు లీచిత్రమును దీవ్రముగా నెదిరించిరి. కొన్నితావులఁ బ్రదర్శనమునకు నిషేధమును గలిగెను. 1940లోఁ గన్నాంబ ప్రధానపాత్రమును ధరించిన చండికయే రాఘవకుఁ గడపటి చిత్రము.

1946 ఏప్రిలు 16వ తేదిని రాఘవ బళ్లారిలో మరణించెను. పద్యములు పాడిన నటుల కంఠములు గ్రామఫోను పలకల కెక్కి యింటింటను వినఁబడెను. మాటనే నమ్ముకొన్న రాఘవ వాచికమునకుఁ జలనచిత్ర మొక యాశ్రయ మయ్యెను. ఆయన నటించిన చిత్రములు మూఁడే.