ఘంటసాల గీత వినబడగానే "ఎవరు పోయారు?" అని ఎందుకు అడుగుతున్నాం?



ఈసారి వరి గురించి కాదండి, చేపల రేటు గురించీ కాదు. రికార్డుల గురించి. గ్రామఫోను రికార్డులు, క్యాసెట్లు. వ్యవసాయం పేజీలో ఇదేంటి అనుకోకండి. చివరిదాకా చదివితే మన బతుక్కి సంబంధం ఉందో లేదో మీరే చెప్దురుగాని.

తెల్లారగట్ల మైకులో ఘంటసాల గారి భగవద్గీత మొదలైందనుకోండి, మన ఊళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పాలు పితికేవాడు చేతిలో పని ఆపి చెవి పెడతాడు. మంచం మీంచి లేస్తూనే ఆడవాళ్ళు "ఏ వీధిలో?" అంటారు. పాట ఎలా ఉందని ఒక్కరూ అనరు. ఎవరు పోయారు, ఎన్నింటికి తీస్తారు, అంతే. గూడెం, ఏలూరు లాంటి టౌన్లలో వైకుంఠ రథం వెనక కూడా అదే గొంతు.

తెలుగువాళ్ళు సినిమాతో పనిలేకుండా నెత్తిన పెట్టుకున్న రికార్డుల్లో పెద్దది ఇది. ఇంత గొప్ప రికార్డు చావు కబురు ఎలా అయిపోయింది? దానికి ఓ చరిత్ర ఉందండి.

మన దేశంలో పాటను రికార్డు చెయ్యడం 1902లో కలకత్తాలో మొదలైంది. గౌహర్ జాన్ అనే గాయని అప్పుడు పాడారు. తర్వాత కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో హెచ్‌ఎంవీ వాళ్ళ పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. కుక్క బొమ్మ కంపెనీ అంటే మనవాళ్ళకి తెలుస్తుంది. ఆ నల్ల రికార్డు దేంతో చేసేవారో తెలుసా? లక్కతో. చెట్టు కొమ్మల మీద లక్క పురుగు పెట్టే లక్కే. దాన్ని రాతిపొడితో కలిపి అచ్చు పోసేవారు. కింద పడితే పెంకులాగ పగిలేది. నిమిషానికి 78 చుట్లు తిరిగేది కాబట్టి ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది.

ఈ మూడు నిమిషాల లెక్క మన నాటకం పద్యానికి అతికినట్టు సరిపోయింది. ఒక పద్యం, దాని వెనక నాలుగు రాగాలు, రికార్డు పక్క అయిపోయేది. కపిలవాయి రామనాథశాస్త్రి గారి లాంటి రంగస్థల గాయకుల పద్యాలు అలాగే ఊరూరికీ చేరాయి. కరెంటు లేని ఊళ్ళో కూడా కీ ఇచ్చే గ్రామఫోను పలికేది. నాటకం ఏడాదికోసారి. రికార్డు ఎప్పుడు కావాలంటే అప్పుడు.

తర్వాత మైకుసెట్లు వచ్చాయి. మనది కొండ, గుట్ట లేని నేల. కొల్లేటి గట్టున ఓ బాకా కడితే నీళ్ళ మీదుగా పక్క లంకకి వినబడేది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకైనా, పెళ్ళికైనా, రజస్వల ఫంక్షనుకైనా ముందు మైకు కట్టాల్సిందే. అంచేత మన తరం పాటలు నేర్చుకున్నది ఇంట్లో కూర్చుని కాదు, చేలో పని చేసుకుంటూ. ఏ రికార్డు వెయ్యాలో మైకుసెట్టు అబ్బాయి ఇష్టం. మనకి సంగీతం గురువంటూ ఉంటే అతనే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మైకు పాటను ఊరంతా పంచింది, నిజమే. దాంతోపాటు పాటను గంట కింద మార్చేసింది. గుళ్ళో గంట కొడితే హారతి అని తెలుస్తుంది గానీ గంట చప్పుడు ఎంత బాగుందో అని ఎవరూ కూర్చుని వినరు గదా. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం ఎల్పీ 1963లో వచ్చింది. ద్వారకా తిరుమల దారిలోనైనా, మన రామాలయంలోనైనా అది వినబడితే తెల్లారిందని గుర్తు. ఘంటసాల గారి "నమో వెంకటేశ" టూరింగ్ టాకీసులో వినబడితే ఇక సినిమా మొదలౌతుందని గుర్తు, జనం పరుగులు. గీత వినబడితే ఎవరో పోయారని గుర్తు. చూడండి, ఒకే మనిషి గొంతు. ఒకచోట జనాన్ని హాల్లోకి పిలిచింది, ఇంకోచోట పాడె దగ్గరికి పిలుస్తోంది.

ఇంతకీ ఆయన మనకి దూరపు మనిషి కాదు. 1922 డిసెంబరు 4న, కొల్లేటికి ఆ పక్కన గుడివాడ వైపు చౌటపల్లిలో పుట్టారు. తండ్రి తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. ఆయన పోయాక ఈ పిల్లాడు సంగీతం కోసం విజయనగరం వెళ్ళి, ఇంటింటా మధుకరం ఎత్తుకుని తిని చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు గురువు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళారు. మద్రాసు చేరి 1951 పాతాళభైరవి, 1957 మాయాబజార్ దాకా వచ్చేసరికి తెలుగు పాటంటే ఆయనే. 1970లో పద్మశ్రీ ఇచ్చారు.

అయితే సినిమాలో ఆయన కనబడరండి. గూడెంలో రేలంగి గారు కట్టించిన రేలంగి చిత్రమందిర్‌లోనో, ఏలూరు హాళ్ళల్లోనో కూర్చున్న జనానికి పాడింది రామారావు గారే, నాగేశ్వరరావు గారే. ఎవరికి పాడితే వాళ్ళలాగ గొంతు మార్చడం ఆయన పనితనం. ఆ పనితనం వల్లే ఆయన వాళ్ళ వెనక దాగిపోయారు. ఘంటసాల అంటే ఎవరో తెలియాలంటే, ముందు హీరో లేని రికార్డు వినాలి. కరుణశ్రీ గారి "పుష్పవిలాపం" పద్యాలు అలాంటివే. 78 రికార్డు రెండు పక్కలా పూల గోడు చెప్పారు. అది విన్న ఇళ్ళల్లో పువ్వు కొయ్యడానికి చెయ్యి రాలేదని పెద్దవాళ్ళు అనేవారు. అక్కడ తెర లేదు, బొమ్మ లేదు. గొంతు, పద్యం, అంతే.

రికార్డును ముక్కలుగా కాక మొత్తంగా ఒక పుస్తకంలా వినాలన్న సంగతి బయటి దేశాల్లోనూ ఆ కాలంలోనే గట్టిపడింది. నిమిషానికి 33 చుట్ల ఎల్పీ 1948లో అమెరికాలో వచ్చింది. ఒక పక్కకి ఇరవై నిమిషాల పైన పట్టేది. ఇంగ్లండులో లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్ అనే నలుగురు కుర్రాళ్ళు 1966లో ఊరూరా తిరిగి కచేరీలు చెయ్యడం మానేశారు. 1967లో "సార్జెంట్ పెప్పర్స్" అనే ఎల్పీ చేశారు. పాటలన్నీ అట్ట వెనక అచ్చు వేయించారు, మొదట్నుంచి చివరిదాకా వరసగా వినమని. వాళ్ళలో జార్జ్ హారిసన్ మన రవిశంకర్ గారి దగ్గర సితార్ నేర్చుకున్నాడు. ఆ రికార్డులో ఒక పాట మన వాయిద్యాలతోనే చేశాడు. ఇంకో విచిత్రం వినండి. ఇంగ్లండులో 78 రికార్డులు మానేశాక కూడా బీటిల్స్ మొదటి పాటల్ని మన డమ్‌డమ్ ఫ్యాక్టరీ లక్క రికార్డులుగా అచ్చు వేసింది. కరెంటు లేని ఇళ్ళు, కీ గ్రామఫోన్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి కాబట్టి! ఆ దేశాల్లో ఇప్పటికీ ఒక గాయకుణ్ణి కొత్తగా తెలుసుకోవాలంటే "ముందు ఈ రికార్డు మొత్తం విను" అని చెప్తారు. ఒక పాట విని తీర్పు చెప్పరు.

ఘంటసాల గారికి అలాంటి రికార్డు భగవద్గీత. 700 శ్లోకాల్లోంచి నూటికి పైచిలుకు ఎంచి, శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పారు. సంస్కృతం రానివాడికి కూడా అర్థం కావాలని. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతింది. 1974 ఫిబ్రవరి 11న పోయారు. రికార్డు ఆయన పోయాకే జనంలోకి వచ్చింది. అంటే మనం మొదట విన్నప్పుడే అది పోయిన మనిషి గొంతు.

చావు ఇంటికి ఎలా చేరిందంటే నా లెక్క ఇదీ. చావు దగ్గర గీత చదవడం ముందునుంచీ ఉన్నదే. చదివే పంతులు గారు ప్రతి ఊళ్ళో దొరకరు. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. గల్ఫ్ నుంచి టూ ఇన్ వన్‌లు వచ్చాయి. మైకుసెట్టు అబ్బాయికి చావు ఇంట్లో వెయ్యడానికి సినిమా పాట కానిది ఒకటి కావాలి. గంభీరమైన గొంతు, తెలుగులో అర్థం, తక్కువ ధరలో క్యాసెట్టు. ఆత్మకి చావు లేదనే మాటలు కూడా మొదట్లోనే వస్తాయి. ఏడుస్తున్నవాళ్ళకి అవి ఊరట. ఇందులో ఎవరి తప్పూ లేదండి. అవసరం అలా తీసుకెళ్ళింది.

కానీ నష్టం మాత్రం జరిగింది. మా పక్క లంకలో ఒక పెద్దాయన మంచం పట్టారు. నాటకాల పిచ్చి ఉన్న మనిషి. గీత పెట్టమని కొడుకుని అడిగితే కొడుకు పెట్టాడు. పావుగంటలో ఇద్దరు చుట్టాలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చేశారు. ఆయనే మంచం మీంచి "ఇంకా లేదురా, కూర్చోండి, కాఫీ తాగి వెళ్ళండి" అన్నారట. నవ్వొచ్చే మాటే. మర్నాటి నుంచి ఆ ఇంట్లో గీత బంద్. కోడలు భయపడింది, అపశకునం అని. ఆయన ఇంకో నాలుగు నెలలు బతికారు. కావాల్సిన ఒక్క రికార్డూ వినకుండానే వెళ్ళిపోయారు. పోయిన రోజు మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వేశారు.

అసలు గీతలో ఉన్నదేంటి? అది చెప్పేటప్పటికి యుద్ధం మొదలవ్వలేదు. ఒక్కడూ పోలేదు. బతికున్నవాడు, చేతనైనవాడు, చెయ్యాల్సిన పని ఎదురుగా పెట్టుకుని "నా వల్ల కాదు" అని కూలబడ్డాడు. వాణ్ణి లేపడానికి చెప్పిన మాటలవి. పని నీ చేతిలో ఉంది, ఫలితం నీ చేతిలో లేదు, అలాగని పని మానకు అని. ఈ మాట రైతు కంటే ఎవడికి ఎక్కువ కావాలి చెప్పండి? ఊడ్పులు అయ్యాక కొల్లేరు పొంగి చేను మునిగినవాడికి, చెరువు పట్టుబడి రోజున రేటు పడిపోయినవాడికి, అప్పు లెక్క చూసుకుని రాత్రి నిద్ర పట్టనివాడికి. ఆ మాట వినాల్సిన మనిషి బతికున్నప్పుడు వినడం లేదు. వినలేనప్పుడు వినిపిస్తున్నాం.

రికార్డును మొత్తం వినడం మనకి రాదనుకోకండి. 1975 ముత్యాలముగ్గు మాటల రికార్డు, 1977 దానవీరశూరకర్ణ మాటలు మైకులో విని విని, మొదట్నుంచి చివరిదాకా అప్పజెప్పేవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఉంటారు. దుర్యోధనుడి మాటలు అన్ని గుర్తుంటే, అదే కురుక్షేత్రంలో కృష్ణుడి మాటలు గుర్తుండవా?

అందుకని ఒక మాట. ఈ దాళ్వా పనుల్లో ఫోను చేతిలో ఎలాగూ ఉంటుంది. ముక్క ముక్కలుగా ముప్పై సెకన్ల పాటలు మార్చుకుంటూ పోకుండా, వారానికి ఒక రికార్డు మొత్తం వినండి. ముందు పుష్పవిలాపం. తర్వాత బాలమురళీకృష్ణ గారి రామదాసు కీర్తనలు. ఆయన మన గోదావరి మనిషే, 1930లో శంకరగుప్తంలో పుట్టారు. తర్వాత ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ. ఆయనే తెలుగులో రాసుకుని, ఆయనే పాడారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం రోజూ వినబడేదే గానీ, ఒక్కసారి పని ఆపి వినండి. ఇవి విన్నాక గీత. మోటారు షెడ్డు దగ్గరో, చెరువు గట్టు మీదో, గంట పైన పడుతుంది, మధ్యలో ఆపకుండా. పాడిందెవరు, రాసిందెవరు పిల్లలకి చెప్పండి. ఫోనులో ఆ పేర్లు సరిగ్గా ఉండటం లేదు. మనం చెప్పకపోతే పోతాయి.

మీ ఊళ్ళో పాత సౌండ్ సర్వీసు వాళ్ళ దగ్గర రికార్డులు, క్యాసెట్లు ఉంటే పాత సామాన్లవాడికి కిలోల లెక్కన అమ్మనివ్వకండి. ఎవరి దగ్గర ఏం ఉన్నాయో కింద రాయండి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా గీత పెట్టమని అడిగితే పెట్టండి. తలుపు తీసే పెట్టండి. ఎవరైనా తువ్వాలు వేసుకుని వస్తే కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, వాళ్ళకీ వినిపించండి.