జపాన్ ఖడ్గపు వంపు: నీటి పనియా, కమ్మరి పనియా?

జపాన్ ఖడ్గానికి వంపునిచ్చేది నీరేనన్న అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉంది. ఇది సగం నిజం. ఖడ్గానికి పానం పట్టేముందు కమ్మరి దాని వెన్నుకు మందంగా, వాదరకు పలుచగా మట్టి పూస్తాడు. ఎర్రగా కాలిన ఖడ్గాన్ని నీటిలో ముంచగానే వాదర ముందుగా చల్లారి కుదించుకుంటుంది. క్షణకాలం ఖడ్గం వాదరవైపు వంగుతుంది. అంతలోనే అక్కడి ఉక్కు మార్టెన్‌సైట్‌గా మారి వ్యాకోచించడంతో వంపు వెన్నువైపు తిరుగుతుంది. ఆలస్యంగా చల్లారే వెన్ను ఈ వంపును మరికొంత అటూఇటూ లాగి, చివరకు తన సంకోచంతో దానిని వెన్నువైపే స్థిరపరుస్తుంది. దీనినే జపనీయులు ‘సొరి’ అంటారు.

అయితే వంపు కేవలం నీటి ఫలితమే అయితే, 8వ శతాబ్దికి చెందిన నారా నగరంలోని షోసోయిన్ భాండాగారపు ఖడ్గాలు తిన్నగా ఎందుకున్నాయి? వాటిలోనూ వాదర గట్టిపరచిన గుర్తులున్నవి ఉన్నాయి. వాటిని ముందుగానే వ్యతిరేక దిశలో వంచి ఉండాలి, లేదా పానం పట్టిన తరువాత సరిచేసి ఉండాలి. ఏది జరిగినా, తిన్నని ఖడ్గమే కమ్మరి జోక్యానికి సాక్ష్యం. 10వ శతాబ్ది నుంచి వంపు ఖడ్గాలు స్థిరపడిన తరువాత కూడా ఈ జోక్యం ఆగలేదు. లక్ష్యం మాత్రమే మారింది.

నీటినుంచి తీసిన ఖడ్గం కోరిన వంపుతో రావడం అరుదు. పక్కకు మెలిక పడడమూ సామాన్యమే. వంపు తక్కువైతే బాగా కాల్చిన రాగి దిమ్మెపై వెన్నును అక్కడక్కడ ఆనిస్తారు. వేడెక్కిన భాగం వ్యాకోచించబోగా చుట్టూ ఉన్న చల్లని ఉక్కు అడ్డుపడుతుంది; అక్కడి లోహం నొక్కుకుపోతుంది, చల్లారాక వెన్ను పొట్టిదై వంపు పెరుగుతుంది. వంపు ఎక్కువైతే వెన్నును సుత్తితో మెల్లగా కొట్టి సాగదీస్తారు. రెండు పద్ధతులూ మెత్తని వెన్నుమీదనే నడుస్తాయన్నది గమనార్హం. గట్టిపడిన వాదరను బలవంతం చేస్తే అది సాగదు, చీలుతుంది. ‘హగిరె’ అనే ఆ అడ్డచీలిక పడిన ఖడ్గం ఆయుధంగా పనికిరాదు; నెలల శ్రమ ఒక్క దెబ్బతో వృథా కావచ్చు.

ఇంత కీలకమైన పనికి చరిత్రలో చోటు తక్కువ కావడానికి ఒక కారణం ఆ పనిలోనే ఉంది. సుత్తి గుర్తులను ఆకురాయి, సానరాళ్లు తుడిచివేస్తాయి. సవ్యంగా జరిగిన దిద్దుబాటు కంటికి కనబడదు. లిఖిత ఆధారాల దృష్టి కూడా ఎక్కువగా ఉక్కు పుట్టుకపైనే నిలిచింది. తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు గురించి 1832లో ప్రచురితమైన వాయ్సీ రచన ప్రధానంగా మూసలో ఉక్కు తయారీని వర్ణిస్తుంది. ఆ ఉక్కు పర్షియా వర్తకుల చేతుల్లో దూరదేశాలకు చేరింది. అక్కడ దానిని కత్తిగా సాగగొట్టి, పానం పట్టి, వంకర తీర్చిన చేతుల కథ మరొక రకమైన ఆధారాలను కోరుతుంది: కత్తుల వెన్నులను, అక్కడి లోహపు అంతర్నిర్మాణాన్ని అంగుళం అంగుళం పరిశీలించాలి.