వంద శాతం వికలాంగత, పక్కనుండే మనిషికి ఎంత?

మత్తిగిరి పశువుల ఫారం తెలియని హోసూరు తెలుగువాళ్లు ఉండరు. ఇంగ్లీషువాళ్లు 1824లో దాన్ని పెట్టింది పశువుల కోసం కాదు, పటాలానికి గుర్రాల కోసం. గుర్రానికి మేత, నీళ్లు, చూసుకొనే మనిషి, అన్నిటికీ సర్కారు లెక్క ఉండేది. అదే పటాలంలో కాలో కన్నో పోగొట్టుకొని ఇంటికొచ్చిన మనిషిని చూసుకొనేవాళ్లకు ఏ లెక్క ఉండేది? ఈసారి దాని గురించి రాస్తున్నాం.

1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో కృష్ణగిరి, మన బారామహల్ కుంపిణీ చేతికి పోయింది. అప్పటికే మద్రాసు పటాలంలో తెలుగు సిపాయిలు చాలామంది. ఉత్తరాదిన సిపాయిని 'తిలంగా' అని పిలిచింది అందుకే. మద్రాసు సిపాయి పెళ్లాం పిల్లలతో లైన్లలోనే కాపురం ఉండేవాడు. దెబ్బ తగిలితే కట్టు మార్చేది, అన్నం పెట్టేది ఇంటి ఆడవాళ్లే. పింఛను కాగితం మీద మాత్రం వాళ్ల సేవకు చోటు లేదు.

తరువాత సంస్థలు వచ్చాయి. అంగవైకల్యం వచ్చిన సిపాయిలకు పని నేర్పే క్వీన్ మేరీ పాఠశాల 1917లో మొదలైంది, ఇప్పుడు పుణె దగ్గర ఖడ్కీలో ఉంది. 1971 యుద్ధం తరువాత, 1974లో, వెన్నెముక దెబ్బతిన్న జవాన్లకు అదే ఖడ్కీలో ఇంకో కేంద్రం పెట్టారు. మంచి పనులే. కానీ అక్కడ చోటు దొరికేది కొందరికే. మిగిలినవాళ్ల బరువు ఇంటిదే.

ఆ ఇంటికి వచ్చేది కాన్‌స్టెంట్ అటెండెన్స్ అలవెన్స్. వంద శాతం వికలాంగత ఉండి, ఇంకొకరి సాయం లేకుండా రోజు గడవని వాళ్లకు పింఛనుతో కలిపి ఇస్తారు. 1996 నుంచి నెలకు 600 రూపాయలు. 6వ వేతన సంఘం తరువాత 3,000, ఆపైన 4,500, 2017 జూలైలో 6,750 అయింది. సిపాయికైనా కర్నలుకైనా ఒకటే రేటు, అది మాకు నచ్చింది. ఆ 2017 రేటుతో లెక్క వేస్తే రోజుకు 225 రూపాయలు, రాత్రీ పగలూ కలిపి! ఆ డబ్బుకు హోసూరులో మనిషి దొరుకుతాడా?

మాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. ఆ డబ్బు పింఛనుదారుడిది, చూసుకొనే భార్యది కాదు. ఆయన పోతే ఆ అలవెన్సూ పోతుంది. ఇరవై ఏళ్లు మంచం పక్కన కూర్చొని బయట పని మానుకున్న ఆమెకు కుటుంబ పింఛను వస్తుంది, కానీ అది భార్య అయినందుకు, చేసిన సేవకు కాదు. అమెరికాలో 2010 చట్టం ఇక్కడే వేరుగా వెళ్లింది. అర్హత ఉన్న కుటుంబాల్లో చూసుకొనే మనిషి పేరు మీదే నెల భృతి, శిక్షణ, ఆరోగ్య బీమా, మధ్యలో కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చింది. మొదట 2001 సెప్టెంబరు 11 తరువాత గాయపడ్డవాళ్ల ఇళ్లకే. పాతవాళ్లకూ దారి తెరిచింది 2018 చట్టం. అంటే అక్కడా పాత సైనికుల ఇళ్లవాళ్లు కాచుకోవలసే వచ్చింది.

మన అలవెన్సు దానంతటది రాదు. మెడికల్ బోర్డు సిఫారసు రాయాలి. మన పక్క పల్లెల్లో మిలిటరీ ఇళ్లు ఉన్నాయి, ఆరోగ్యం తరువాత దిగజారినవాళ్లూ ఉంటారు. మళ్లీ బోర్డు పరీక్షకు అడగవచ్చు. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఆర్డరు, పాత బోర్డు కాగితాలు పట్టుకొని కృష్ణగిరిలో మాజీ సైనికుల సంక్షేమ ఆఫీసుకు పోవాలి. తమిళంలో అర్జీ రాయడం రాని అక్కలు, అత్తమ్మలు ఎవరైనా ఉంటే సంఘానికి చెప్పండి, మాలో ఒకరు కూడా వస్తారు.