లెక్కలోకి రాని బిడ్డ

చదువు చరిత్ర రాసేవాళ్లు బడి ఏ సంవత్సరం పెట్టారో, ఎంతమంది చేరారో రాస్తారు. చేరని వాళ్ల సంగతి అందులో ఉండదు. చూపు తక్కువైన బిడ్డ, వినపడని బిడ్డ, నడవలేని బిడ్డ, బుద్ధి నెమ్మదిగా ఎదిగే బిడ్డ మన గూడేల్లోనూ ఉన్నారు. వాళ్ల చదువు చరిత్ర తెలియాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ బిడ్డను ఎవరు లెక్కపెట్టారు?

తెల్లదొరల పాలనలో 1872 నుంచి 1931 వరకు జనాభా లెక్కల్లో గుడ్డివాళ్లు, చెవిటి మూగవాళ్లు, పిచ్చివాళ్లు, కుష్ఠురోగులు అని విడిగా రాసుకునేవారు. ఆ మాటల్లోనే వాళ్ల చూపు తెలుస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1951, 1961, 1971 లెక్కల్లో ఆ ప్రశ్నే లేదు. 1981లో అడిగారు, 1991లో మళ్లీ వదిలేశారు. 2001లో ఐదు రకాల వైకల్యాలను, 2011లో ఎనిమిది రకాలను లెక్కించారు. 2011లో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది తేలారు. అంటే స్వతంత్ర దేశంలో ముప్ఫై ఏళ్లకు పైగా ఈ బిడ్డలు ఎంతమంది ఉన్నారని జనాభా లెక్క అడగలేదు.

ప్రత్యేక బడులు ముందు పట్టణాల్లో పుట్టాయి. 1880ల్లో బొంబాయిలో చెవిటి పిల్లలకు, అమృతసర్‌లో అంధులకు మిషనరీలు బడులు తెరిచారు. అలాంటి బడికి బిడ్డను పంపాలంటే ఊరు దాటాలి, ఖర్చు భరించాలి. కొండ మీద పోడు చేసుకునే తల్లిదండ్రులకు అది అందే పని కాదు. 1964-66 కొఠారీ కమిషన్ ఇలాంటి పిల్లల్ని వీలైనంత వరకు మామూలు బడుల్లోనే చదివించాలని చెప్పింది. 1974లో కేంద్రం వికలాంగ బాలల సమ్మిళిత విద్యా పథకాన్ని మొదలుపెట్టింది.

అదే ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో గిరిజన ఉపప్రణాళిక వచ్చింది, ఐటీడీఏలు వచ్చాయి, ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. ఒక పథకం వైకల్యం ఉన్న బిడ్డ కోసం, మరొకటి గిరిజన బిడ్డ కోసం. రెండూ ఉన్న బిడ్డ ఎవరి బిడ్డ? ఆశ్రమ పాఠశాల అంటే తన పనులు తాను చేసుకోగల పిల్లలకనే అందరూ అనుకున్నారు. స్నానానికి, మరుగుదొడ్డికి సాయం కావలసిన బిడ్డను తల్లి అక్కడ వదలలేదు. ప్రత్యేక బడి పట్టణంలో ఉంది, ఆశ్రమ బడి నడవగలిగిన వాళ్లకు ఉంది. ఆ బిడ్డ ఇంట్లోనే ఉండిపోయింది.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1995 వికలాంగుల చట్టం పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య అంది. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ ఏ బిడ్డనూ కాదనకూడదు అంది. 2009 విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి, తీవ్ర వైకల్యం ఉన్న బిడ్డకు ఇంటి దగ్గరే చదువు చెప్పే వీలు కల్పించారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఏడు రకాల వైకల్యాల జాబితాను ఇరవై ఒకటికి పెంచింది. ఆ జాబితాలో సికిల్ సెల్ వ్యాధి ఉందని మన ఉపాధ్యాయులు గుర్తుపెట్టుకోవాలి. ఒళ్లు నొప్పులతో నెలకు వారం రోజులు బడి మానే గిరిజన బిడ్డను బద్ధకస్తుడు అనే ముందు రక్తపరీక్ష చేయించాలి.

ఇదే చట్టంలోని 17వ సెక్షన్ వైకల్యం ఉన్న పిల్లల్ని గుర్తించడానికి ఐదేళ్లకోసారి సర్వే చేయమంటుంది. ఎవరిని సర్వే చేయమంటుంది? బడికి వెళ్లే పిల్లల్ని. బడి గడప తొక్కని బిడ్డ ఆ సర్వేలో ఎలా కనబడుతుంది?

ఇప్పుడు మన అనకాపల్లికి వద్దాం. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లాను విడదీశారు. ఏజెన్సీ, పాడేరు ఐటీడీఏ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. రోలుగుంట, రావికమతం, గొలుగొండ, నాతవరం, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలాల్లోని కొండ గ్రామాలు అనకాపల్లి జిల్లాలో ఉండిపోయాయి. అక్కడ ఉండేది కోదులు, కొండదొరలు. కానీ ఐదో షెడ్యూలు గీత వాళ్ల కొండకు అవతలే ఆగింది. 1/70 చట్టం రక్షణ కూడా వాళ్ల భూములకు లేదు. మనిషి గిరిజనుడు, ఊరు మాత్రం నాన్ షెడ్యూల్డ్. రోడ్డు లేక రోగిని డోలీలో మోసే చోట, నడవలేని బిడ్డను రోజూ బడికి మోసేదెవరు?

సాయం అసలు లేదని కాదు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు పాఠం చెబుతారు, ఫిజియోథెరపీ చేయిస్తారు, కదలలేని పిల్లల ఇంటికి వెళ్తారు. వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు ఇస్తారు. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలల స్టైపెండ్ ఉన్నాయి. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆ పైన పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మన రాష్ట్రం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. ఇవన్నీ పోరాడి సాధించుకున్నవే. కానీ పోస్టులు నిర్ణయించేది పిల్లల సంఖ్యను బట్టి. కొండ మీది బిడ్డ పేరు ఆ సంఖ్యలో లేకపోతే ఉపాధ్యాయుడూ రాడు, భత్యమూ రాదు.

పేరు ఎక్కడానికి కాగితాలు కావాలి. పుట్టినప్పుడు నమోదు కాని బిడ్డకు ఆధార్ కష్టం. ఆధార్ లేకపోతే సదరం స్లాటు లేదు. స్లాటు దొరికినా ఆసుపత్రికి వెళ్లి రావడానికి కూలి పోతుంది, ఒక్కసారితో పని కాకపోతే ఆ తండ్రి రెండోసారి కొండ దిగడు.

ఇంకొక చిక్కు భాషతో వచ్చింది. ఇంట్లో కువి మాట్లాడే బిడ్డ ఒకటో తరగతిలో తెలుగు పాఠం ముందు మౌనంగా కూర్చుంటుంది. చాలామంది వెంటనే మందబుద్ధి అంటారు. ఆ బిడ్డకు లోపం లేదు, భాష తెలియదంతే. పక్కనే నిజంగా చెవి వినపడని బిడ్డ ఉంటే, తెలుగు రాదులే అని వదిలేస్తారు. ఇలా లోపం లేని బిడ్డకు లోపం అంటగడతాం, సాయం కావలసిన బిడ్డకు సాయం అందించం. 2004లో మన రాష్ట్రంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర వంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టడానికి చాలా కారణాలున్నాయి. వాటికి ఇదీ కలపాలి. అభ్యసన వైకల్యం ఉందో లేదో తేల్చే పరీక్ష బిడ్డకు వచ్చిన భాషలో జరగాలి. అంతవరకు ఆ ముద్ర వేసే హక్కు ఎవరికీ లేదు.

మన చదువుకున్న యువత ఈ పని చేయగలదు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ గూడెంలో పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉన్న ప్రతి బిడ్డ పేరు రాయండి. బడికి రాని బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లి, తల్లితో మన భాషలో మాట్లాడండి. ఏ బిడ్డ ఎందుకు రావడం లేదో పేరు పక్కన రాయండి. ఆ జాబితాను ప్రధానోపాధ్యాయుడికి, ఎంఈఓకి, భవిత కేంద్రానికి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. సదరం శిబిరానికి ఒక్కో కుటుంబం విడివిడిగా తిరగకుండా పదిమందిని కలిపి తీసుకెళ్లండి. ఉపాధ్యాయ మిత్రులు ఏ బిడ్డకైనా ముద్ర వేసే ముందు ఆ ప్రశ్నను ఇంటి భాషలో ఒకసారి అడిగించి చూడాలి, కన్ను, చెవి పరీక్ష చేయించాలి.

నూటయాభై ఏళ్లుగా పైవాళ్లు వేసిన లెక్కల్లో మన బిడ్డ ఒకసారి ఉంది, మరోసారి లేదు. ఈసారి లెక్క గూడెం నుంచి మొదలుకావాలి. పేరు రాసి చేతిలో పెట్టిన బిడ్డను లేదని చెప్పడం ఏ ఆఫీసుకూ అంత సులువు కాదు.