వృత్తిశిక్షణ, స్థానిక శ్రమావసరాలు: సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వృత్తిశిక్షణ స్థానిక అవసరాలకు అనుగుణంగా ఉండాలన్న సూత్రాన్ని ఎవరూ కాదనరు. అయితే స్థానిక అవసరం అంటే ఏమిటో, దానిని ఎవరు నిర్ణయిస్తారో చర్చించడం మాత్రం అరుదు. ఒక ప్రాంతంలో ఉన్న కర్మాగారాలకు కావలసిన శ్రమను మాత్రమే స్థానిక అవసరంగా పరిగణిస్తే, కర్మాగారాలు లేని ప్రాంతానికి శిక్షణ అవసరమే లేదని తేలుతుంది. ఆ ప్రాంత ప్రజలు తరతరాలుగా చేస్తూ వచ్చిన పనినీ, పని కోసం వెళ్లిన దారులనూ కూడా లెక్కలోకి తీసుకుంటే ఫలితం వేరుగా ఉంటుంది. పాత కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల చరిత్ర ఈ రెండు నిర్వచనాల మధ్య ఉన్న అంతరాన్ని స్పష్టంగా చూపుతుంది. ఆ అంతరం ఎలా ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జాతీయ నమూనా, జిల్లాలోని రెండు భాగాలు

స్వతంత్ర భారతంలో వ్యవస్థీకృత వృత్తిశిక్షణకు 1950లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ పథకం పునాది వేసింది. పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే ఐ.టి.ఐ.లు, ఆ పథకం కింద విస్తరించాయి. ఫిట్టర్, టర్నర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడులకు దేశమంతటా ఒకే పాఠ్యప్రణాళిక ఏర్పడింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఆ చదువును కర్మాగారంతో ముడిపెట్టింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పాఠశాల విద్యకు వృత్తిపరమైన మలుపు ఇవ్వాలని సూచించింది. వీటన్నిటి వెనుక ఉన్న ఊహాచిత్రం ఒక్కటే: పెద్ద యంత్రశాల, నెలజీతం, రాతపూర్వక నియామకం.

పాత కరీంనగర్ జిల్లా తూర్పు భాగానికి ఈ ఊహ కొంతవరకు సరిపోయింది. గోదావరిఖనిలో సింగరేణి గనులు ఉన్నాయి. రామగుండంలో 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. 1983లో ఎన్.టి.పి.సి. తొలి యూనిట్ పనిచేయసాగింది. ఫిట్టర్‌కూ ఎలక్ట్రీషియన్‌కూ అక్కడ చోటు ఉంది. 1999లో ఎరువుల కర్మాగారం మూతపడడంతో ఆ చోటు కూడా శాశ్వతం కాదని తేలింది. పడమటి భాగంలో పరిస్థితి మొదటినుంచీ భిన్నం. సిరిసిల్లలో సాంచాలు, కోరుట్ల, జగిత్యాల పరిసరాల్లో బీడీలు, ఊరూరా వ్యవసాయం, ఆపైన గల్ఫ్ ప్రయాణం ప్రధాన జీవనాధారాలయ్యాయి. ఐ.టి.ఐ. ట్రేడుల జాబితాలో వీటి ప్రతిబింబం దాదాపు లేదు.

సాంచాల వద్ద సాగిన శిక్షణ

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. చేనేత వృత్తిలో ఉన్న పద్మశాలీ కుటుంబాలవారు భివండీ, షోలాపూర్, ముంబయి, సూరత్ పట్టణాలకు వలస వెళ్లి మరమగ్గం పని నేర్చుకున్నారు. ఆ పనిని సొంత ఊరికి తెచ్చినవారి వల్ల సిరిసిల్ల మరమగ్గాల పట్టణంగా మారింది. అంటే ఈ పట్టణపు ప్రధాన నైపుణ్యం వలసదారిలో వచ్చినదే తప్ప ఏ శిక్షణ సంస్థ నుంచీ వచ్చినది కాదు.

ఇక్కడి ఉత్పత్తి వ్యవస్థ మూడంచెలది. నూలు పెట్టుబడి పెట్టే యజమాని, కొద్దిపాటి సాంచాలతో కూలికి బట్ట నేసి ఇచ్చే ఆసామి, ఆ సాంచాలపై పనిచేసే కార్మికుడు. కండెలు చుట్టడం, వార్పిన్, వైపని, సాంచా నడపడం, మరమ్మతు చేయడం వేర్వేరు నైపుణ్యాలు. పక్కన నిలబడి చూస్తూ నేర్చుకోవడమే వీటికి పద్ధతి. ఆ నేర్పుకు సర్టిఫికెట్ లేదు. కూలి నేసిన బట్టను బట్టి లెక్కకడతారు కాబట్టి, అనుభవం పెరిగినా దానికి విడిగా విలువ కట్టే ఏర్పాటు లేదు. అప్రెంటిస్ చట్టం కూడా ఈ కార్ఖానాల గడప తొక్కలేదు. 2019 సవరణ నిబంధనల ప్రకారం కూడా 30 మందీ అంతకుమించీ పనిచేసే సంస్థలకే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నాలుగైదు సాంచాల ఆసామి ఆ పరిధిలోకి రాడు.

1990ల చివరి నుంచి సిరిసిల్లలో నేత కార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటినీ కలచివేశాయి. అప్పులు, మార్కెట్ కుంగుబాటు, నూలు ధరలు వాటికి ప్రధాన కారణాలు. శిక్షణ లేకపోవడం వల్లనే ఆ మరణాలు సంభవించాయనడం సరికాదు. అయితే ఒకే రకం బట్టకు అలవాటుపడిన యంత్రం, ఒకే పనికి అలవాటుపడిన చేయి, ఒకే యజమానిపై ఆధారపడిన ఆసామి కలిసినచోట మార్కెట్ దెబ్బను తట్టుకునే దారులు తక్కువ. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు సాంచాలకు పని కల్పించాయి. కాని ప్రభుత్వమే ఏకైక కొనుగోలుదారైనప్పుడు ఆర్డరు ఆగితే సాంచా కూడా ఆగుతుంది. పని కల్పన, నైపుణ్య వైవిధ్యం రెండూ ఒకటి కావని ఈ అనుభవం చెబుతుంది.

బీడీ చాట, గల్ఫ్ వీసా

బీడీ చుట్టడం జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల స్త్రీలకు ప్రధాన ఆదాయ మార్గాలలో ఒకటి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976 నాటి సంక్షేమ నిధి చట్టం వారిని కార్మికులుగా గుర్తించాయి. ఇంటి అరుగే పనిస్థలం. కూతురు తల్లి పక్కన కూర్చుని పని నేర్చుకుంటుంది. పొగాకు నియంత్రణ చట్టాలు బలపడిన కొద్దీ ఈ వృత్తి భవిష్యత్తు అనిశ్చితమైంది. ప్రత్యామ్నాయంగా కుట్టుపని శిక్షణ ముందుకు వచ్చింది. కాని ఇంటిపనుల మధ్య వీలు చూసుకుని బీడీలు చుట్టే స్త్రీకి, నిర్ణీత వేళల్లో దూరపు దుస్తుల కర్మాగారానికి వెళ్లడం కేవలం పని మారడం కాదు, దినచర్య మొత్తం మారడం. రవాణా, పిల్లల సంరక్షణ శిక్షణలో భాగం కాని చోట ఆ శిక్షణ అసంపూర్ణం.

పురుషుల దారి మరొకటి. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర వెట్టి, పాలేర్ల జీతాలు, భూమి సమస్యలను బహిరంగ వేదికపైకి తెచ్చింది. అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1973 తర్వాత చమురు ఆదాయంతో గల్ఫ్ దేశాల్లో నిర్మాణ రంగం విస్తరిస్తున్న కాలం కూడా అదే. భూమి చాలని కుటుంబాలకూ, నిర్బంధం మధ్య బతుకుతున్న యువకులకూ దుబాయి ఒక దారి అయింది.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం అమలులో పదో తరగతి ఉత్తీర్ణత నిర్ణాయకమైంది. అది లేనివారు గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. ఆ ప్రక్రియ చుట్టూ ఏజెంట్ల వ్యవస్థ పెరిగింది. తాపీ, షట్టరింగ్, వెల్డింగ్ తెలిసినవాడు కూడా రుజువు పత్రం లేక లేబర్ వీసాపై వెళ్లి, ఆ జీతానికే పనిచేసిన సందర్భాలు ఈ ప్రాంతపు వలస చరిత్రలో సాధారణం. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ, తెలంగాణ ఏర్పడ్డాక విదేశీ నియామకాల కోసం పనిచేస్తున్న టామ్‌కామ్ ఈ లోటును కొంత పూరించేందుకు పుట్టినవే. అయినా తిరిగివచ్చినవారి నైపుణ్యాన్ని నమోదు చేసి స్థానికంగా వాడుకునే ఏర్పాటు బలహీనంగానే ఉంది. ఒకవైపు ఊరివారు ఎడారిలో పనిచేస్తుండగా, మరోవైపు ఇక్కడి రైస్‌మిల్లుల్లో హమాలీ పనికి బీహార్ కార్మికులు వస్తున్నారు. స్థానిక శ్రమకు హద్దులు గీయడం ఎంత కష్టమో ఈ రెండు ప్రవాహాలే చెబుతాయి.

పొలాస పరిశోధన సూచించే పద్ధతి

స్థానిక అవసరానికి సంస్థ స్పందించిన ఉదాహరణ ఇదే జిల్లాలో ఉంది. జగిత్యాల సమీపంలోని పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం ఉత్తర తెలంగాణ వరిని పీడించే ఉల్లికోడును దృష్టిలో ఉంచుకుని రకాలను రూపొందించింది. పొలాస ప్రభ, జగిత్యాల సన్నాలు ఆ కృషి ఫలితాలు. పరిశోధకులు ముందుగా పొలంలోని సమస్యను గుర్తించి, ఆ తర్వాత పరిష్కారం వెతికారు. వృత్తిశిక్షణలో ఈ క్రమం తలకిందులైంది. ముందు ట్రేడుల జాబితా వచ్చింది, తర్వాత అభ్యర్థుల అన్వేషణ సాగింది. శ్రీరాంసాగర్ కాలువ నీరు, కరెంటు మోటార్లు, ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు గొల్లపల్లి వంటి వ్యవసాయ మండలాల్లో మోటారు వైండింగు, యంత్ర మరమ్మతు పనులకు గిరాకీ పెంచాయి. ఆ పనులు కూడా ఎక్కువగా రోడ్డు పక్క దుకాణాల్లోనే నేర్చుకుంటున్నారు.

ముగింపు

2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ముందే నేర్చుకున్న పనిని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే విభాగం ఉంది. సిరిసిల్ల సమీపంలోని మండెపల్లి డ్రైవింగ్ శిక్షణ కేంద్రం, పెద్దూరు దుస్తుల పార్కు, 2024లో తెలంగాణ ప్రభుత్వం 65 ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చేందుకు చేసుకున్న ఒప్పందం ఇటీవలి ప్రయత్నాలు. యంత్రాలు కొత్తవైనంత మాత్రాన పాత లోపం తొలగదు. ఆసామి, బీడీ కార్మికురాలు, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన తాపీమేస్త్రీ ఆ కేంద్రాల పాఠ్యక్రమ నిర్ణయంలో భాగస్వాములు అవుతారా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రాంతం ఎన్నడూ నైపుణ్యం లేని ప్రాంతం కాదు. నైపుణ్యానికి గుర్తింపు లేని ప్రాంతం. కాబట్టి ఇక్కడ వృత్తిశిక్షణ మొదటి కర్తవ్యం కొత్త పని నేర్పడం కంటే ముందు, ఉన్న పనిని లెక్కించి, దానికి పత్రం, కూలి, చట్టరక్షణ కల్పించడం. ఆ తర్వాతనే ఏమి నేర్పాలన్న నిర్ణయానికి గట్టి ఆధారం దొరుకుతుంది.