ఫర్మానా తేదీ, తర్జుమా శాల: ఉస్మానియా నూరేళ్లను ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలి?

2017 ఏప్రిల్ 26న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఉస్మానియా విశ్వవిద్యాలయ శతాబ్ది ఉత్సవాలను ప్రారంభించారు. ఆ తేదీకి ఆధారం, నిజాం ప్రభుత్వ అధికారి అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనను ఆమోదిస్తూ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో అదే రోజున ఇచ్చిన ఫర్మానా. విశ్వవిద్యాలయ స్థాపనను లాంఛనంగా ప్రకటించిన ఫర్మానా మాత్రం 1918 సెప్టెంబరు 22ది. పాఠాలు మొదలైంది 1919 ఆగస్టు 28న, గన్‌ఫౌండ్రీలో ఒక అద్దె భవనంలో, 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో. సంకల్పం, ప్రకటన, తొలి పాఠం: మూడింట్లో దేన్ని పట్టుకున్నా నూరేళ్ల లెక్క మారిపోతుంది. ఉత్సవాలు సంకల్పాన్ని ఎంచుకున్నాయి. రాజు సంకల్పాన్నే పుట్టుకగా భావించడం మనకు దేవాలయ శాసనాల నాటి నుంచీ అలవాటే.

ఈ మూడింటికీ నడుమ నాలుగో తేదీ ఒకటుంది. ఉత్సవాల్లో దాని ఊసు పెద్దగా వినిపించలేదు. 1917 ఆగస్టులో దారుల్ తర్జుమా, అంటే అనువాద శాల ఏర్పడింది. తొలి విద్యార్థి తరగతిలో కాలు పెట్టడానికి రెండేళ్ల ముందు సంగతి ఇది. విశ్వవిద్యాలయం చరిత్రను ఇక్కణ్నుంచి చదవాలన్నది నా అభిప్రాయం.

బోధన ఉర్దూలో సాగాలన్నది మూల నిర్ణయం. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశమేగాని బోధనా మాధ్యమం కాదు. అప్పటికి దేశంలోని విశ్వవిద్యాలయాల్లో పై చదువు ఇంగ్లీషులోనే సాగుతోంది. భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం, తర్వాత వైద్యం కూడా ఉర్దూలో చెప్పాలంటే ముందు పుస్తకాలు కావాలి. పుస్తకాలు రాయాలంటే ముందు మాటలు కావాలి. మౌల్వీ అబ్దుల్ హఖ్ నాయకత్వంలో అనువాద శాల చేసింది ఈ పనే. పరిభాషా సంఘాల్లో విషయ నిపుణుడూ భాషా పండితుడూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కొక్క మాటనూ తేల్చేవారు. పదాలు తయారుచేసే పద్ధతి మీద వహీదుద్దీన్ సలీం ఏకంగా ఒక గ్రంథమే రాశారు. కవి జోష్ మలీహాబాదీ కూడా కొన్నేళ్లు ఆ శాలలో జీతానికి పనిచేశారు. అక్కడి నుంచి వందల పుస్తకాలు వెలువడ్డాయి.

ఫలితం తేలిపోయిందా? లేదు. ఉస్మానియాలో చదువుకున్న రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికీ, ఆ తర్వాత భౌతికశాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ ఉన్న లైప్‌జిగ్‌కీ వెళ్లి, తిరిగివచ్చి ఇక్కడే గణితం బోధించారు. క్వాంటం యాంత్రికశాస్త్రంపై ఉపన్యాసాలు ఇచ్చారు. మాతృభాషలో చదివితే పిల్లవాడు బావిలో కప్ప అవుతాడని నేటికీ వాదించేవారికి ఈ ఒక్క జీవితం చాలు.

కాని ఎవరి మాతృభాష? అసలు చిక్కు ఇక్కడుంది. నిజాం రాజ్యంలో సుమారు సగం మంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. తర్వాత మరాఠీ, కన్నడం. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారు పదింట ఒక వంతుకు కాస్త పైన. ‘దేశభాషలో విద్య’ అన్న మాట ఆ పదో వంతు వారికే అక్షరాలా వర్తించింది. మిగిలినవారికి ఒక పరాయి భాష స్థానంలో మరో పరాయి భాష వచ్చింది, అంతే. పరిభాష చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. భౌతికశాస్త్రం ‘తబీయియాత్’, గణితం ‘రియాజియాత్’, జీవశాస్త్రం ‘హయాతియాత్’ అయ్యాయి. అన్నీ అరబ్బీ మూలాలే. పాతబస్తీ గల్లీలో ఉర్దూ మాట్లాడే పిల్లవాడికీ ఇవి కొత్తే. అయితే ఈ విషయంలో వేలెత్తి చూపే ముందు మన పుస్తకాల వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక కళాశాల పుస్తకాల కోసం మనం చేసిన పని దాదాపు ఇదే. వాళ్లు అరబ్బీని తవ్వుకుంటే మనం సంస్కృతాన్ని తవ్వుకున్నాం. ‘కిరణజన్య సంయోగక్రియ’ చదివి నోరు తిరగని తరాలకు ఆ బాధ కొత్తగా చెప్పనక్కర్లేదు.

తెలుగువాళ్లు ఆ ఏర్పాటుతో సర్దుకుపోయారు, ఎదిరించారు, దాన్ని వాడుకున్నారు కూడా. 1938లో వందేమాతరం పాడినందుకు వసతిగృహాల నుంచీ కళాశాల నుంచీ బహిష్కృతులైన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. మరోవైపు ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి గజల్ లయను తెలుగులోకి తెచ్చుకున్నారు, తర్వాత ‘విశ్వంభర’కు జ్ఞానపీఠం అందుకున్నారు. ఈ రెండిట్లో ఏ ఒక్కదాన్నో ఉత్సవ వేదిక మీద నిలబెట్టడం తేలిక. ఆ రెండూ ఒకే చెట్టు కాయలని చెప్పడమే కష్టం.

శతాబ్ది ముద్రలన్నిటి మీదా ఆర్ట్స్ కళాశాల భవనమే కనిపించింది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆ గులాబీ రంగు రాతి కట్టడం ప్రారంభమైంది 1939 డిసెంబరు 4న. అంటే తొలి ఇరవై ఏళ్ల విశ్వవిద్యాలయానికి ఈ ముఖం లేనేలేదు. ఉన్నది అద్దె గదులూ, అనువాద శాల నుంచి వచ్చిన పుస్తకాలూ. ఫొటోలో పడేది రాయే కాబట్టి జ్ఞాపకం కూడా రాతికే అతుక్కుపోయింది. అందులోనే 1969, 2009 తెలంగాణ ఉద్యమాల జ్ఞాపకమూ కలిసిపోయింది. అది వేరే వ్యాసానికి తగిన విషయం.

1948లో పోలీసు చర్య తర్వాత కొద్ది కాలానికే ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. మూడు దశాబ్దాల పరిభాషా శ్రమ ఒక్కసారిగా అలమారా ఎక్కింది. తెలుగు మాత్రం ఒక శాఖగానే మిగిలింది. తొలినాళ్లలో రాయప్రోలు సుబ్బారావు ఆచార్యత్వం వహించిన ఆ శాఖ నుంచే 1950లలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. నాట్లేసే ఆడవాళ్లు, తిరగలి విసిరే ముసలమ్మలు పాడుకున్న పాటలు ఆయన గ్రంథంలోకి చేరాయి. ఏ పరిభాషా సంఘమూ తయారుచేయని మాటలు, ఎవరి ఫర్మానా కోసమూ ఆగని మాటలు, అలా ఆ రాతి భవనంలోకి అడుగుపెట్టాయి.