మోదుగ

మోదుగ లేదా మోదుగు ఫాబేసి కుటుంబానికి చెందిన, ఆకురాల్చే మధ్యరకం వృక్షం. దీని శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పెర్మా. భారత ఉపఖండంలోనూ, ఆగ్నేయాసియాలోనూ మైదానాల పొడి అడవులలో, బీడు భూములలో సహజంగా పెరుగుతుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో విస్తారంగా కనిపిస్తుంది.

పేర్లు

బ్రిటిష్ ప్రభువు, వృక్షశాస్త్రాభిమాని అయిన బ్యూట్ ప్రభువు పేరు మీద ప్రజాతికి బ్యూటియా అన్న పేరు వచ్చింది. మోనోస్పెర్మా అనగా ఒకే విత్తనం కలది. సంస్కృతంలో దీనిని పలాశము, కింశుకము అంటారు. పూరేకు చిలుక ముక్కువలె వంగి ఉండుటచే 'ఇది చిలుకయా?' అనే అర్థంలో కింశుకమనే పేరు ఏర్పడిందని చెబుతారు.

లక్షణాలు

* సుమారు 15 మీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. కాండం సాధారణంగా వంకరలు తిరిగి ఉంటుంది.
* ప్రతి ఆకులో మూడు దళసరి పత్రకాలు ఉంటాయి. మోదుగాకులు ఎక్కడైనా మూడే అన్న భావంతో తెలుగులో సామెత ఉంది.
* ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు, ఆకులు రాలిన కొమ్మలపై ఎర్రని నారింజరంగు పూలు గుత్తులుగా పూస్తాయి. పక్షులు పరాగ సంపర్కానికి తోడ్పడతాయి.
* కాయ బల్లపరుపుగా ఉంటుంది. ఒకే గింజ కాయ చివర ఉండగా, మిగిలిన భాగం రెక్కవలె గాలికి ఎగురుటకు ఉపకరిస్తుంది.

పెరుగుదల

మోదుగ నెమ్మదిగా పెరుగుతుంది. నల్లరేగడి, చౌడు నేలలను, నీరు నిలిచే పల్లపు భూములను కూడా తట్టుకుంటుంది. గింజలు వేసవిలో రాలి, తొలకరి వానలకు మొలకెత్తుతాయి. చెట్టును నరికితే మొదలు నుండి చిగురిస్తుంది. అంతేగాక వేళ్ళ నుండి పిలకలు విరివిగా పుడతాయి. పశువులు దీనిని అంతగా మేయవు. అందువల్ల నరుకుడు, మేత, మంటల వలన ఇతర వృక్షాలు నశించిన చోట కూడా ఇది గుబురుగా మిగులుతుంది. అయితే అటువంటి మోదుగ పొదలు అడవి తిరిగి వచ్చిందనడానికి గుర్తు కావు. ఏటా నరుకుతూ ఉంటే అవి పొదలుగానే ఉండిపోతాయి; పూతకు, కాపుకు రావు. నరకకుండా విడిచిపెడితే పిలకలు చెట్లుగా ఎదుగుతాయి.

ఉపయోగాలు

* ఆకులతో విస్తళ్ళు, దొన్నెలు కుడతారు.
* పూల నుండి తీసే పసుపు, నారింజ రంగులను హోళీ పండుగలో, బట్టల అద్దకంలో వాడతారు.
* లక్క పురుగులను ఈ చెట్టుపై పెంచుతారు.
* బెరడుకు గాటు పెడితే కారే ఎర్రని రసం గట్టిపడి జిగురవుతుంది.
* వేళ్ళ నారతో తాళ్ళు పేనుతారు.
* పుల్లలను హోమాలలో సమిధలుగా, కర్రను ఉపనయనంలో బ్రహ్మచారి దండంగా వాడతారు.

ఇతర విశేషాలు

* 1757లో యుద్ధం జరిగిన ప్లాసీకి ఆ పేరు పలాశ వృక్షం వలననే వచ్చిందని చెబుతారు.
* ఉత్తర ప్రదేశ్, జార్ఖండ్ రాష్ట్రాల అధికారిక పుష్పం మోదుగ పువ్వు.